నాన్న కోసం ఉద్యోగం మానేశాను, ఇప్పుడు గ్యాప్ చూసి ఎవరూ పిలవడం లేదు

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాకు 26 ఏళ్లు. 2021లో ఈఈఈ బ్రాంచిలో బీటెక్ పూర్తి చేశాను. అదే ఏడాది డిసెంబర్‌లో హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో మాన్యువల్ టెస్టింగ్ (సాఫ్ట్‌వేర్‌ని చేత్తో నడిపి తప్పులు వెతకడం) ఉద్యోగం వచ్చింది. రెండేళ్ల ఏడు నెలలు చేశాను. 2024 జూన్‌లో నాన్నకి పక్షవాతం వచ్చింది. అమ్మ ఒక్కతే చూసుకోలేదని ఉద్యోగం మానేసి వచ్చేశాను. అన్నయ్యది బెంగళూరులో ఉద్యోగం. ఇప్పుడు నాన్న కర్ర పట్టుకుని నడుస్తున్నారు. నేను ఏడాదిన్నరగా ఇంట్లో ఖాళీగా ఉన్నాను. ఎక్కడ అప్లై చేసినా గ్యాప్ చూసి ఎవరూ పిలవడం లేదు. అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు 1.8 లక్షలు కడితే గ్యాప్ కనబడకుండా నాలుగేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టి ఉద్యోగం ఇప్పిస్తామంటున్నారు. అమ్మ గాజులు తాకట్టు పెడతానంటోంది. ఇంకో చిన్న కంపెనీ 22 వేలు ఇస్తామంది కానీ రెండేళ్ల బాండ్, నైట్ షిఫ్ట్, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర పెట్టాలట. ఈలోగా టెక్సాస్‌లో హెచ్1బి మీద ఉన్న అబ్బాయి సంబంధం వచ్చింది. వచ్చే నెల మొదటి ఆదివారం చూడ్డానికి వస్తున్నారు. “ఉద్యోగం సంగతి అక్కడికి వెళ్లాక చూసుకోవచ్చు” అంటున్నారు. పిన్ని బ్యాంకు పరీక్షలు రాయమంటోంది. టెన్షన్‌తో రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చెయ్యమంటారు? పేరు వెయ్యొద్దు.

సమాధానం:

అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఒకే మాట దగ్గర ఆగిపోయాను. “ఏడాదిన్నరగా ఇంట్లో ఖాళీగా ఉన్నాను” అని రాశావు. పక్షవాతం వచ్చిన మనిషి ఉన్న ఇంట్లో ఎవరికీ ఖాళీ ఉండదు. మా అత్తగారికి వచ్చినప్పుడు నేను ఉద్యోగం మానేసి ఎనిమిది నెలలు దగ్గరుండి చూశాను కాబట్టి నాకు తెలుసు. వీపు మీద పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క తిప్పాలి. మింగుడు పడుతుందో లేదో చూసుకుంటూ స్పూన్‌తో జావ పట్టాలి. ఫిజియోథెరపీ చేయించాలి, బీపీ మాత్రలు లెక్క పెట్టుకోవాలి, మనిషి కోపం వచ్చి పళ్లెం విసిరికొడితే ఏమీ అనకుండా తుడుచుకోవాలి. మీ నాన్నగారు ఈరోజు కర్ర పట్టుకుని నడుస్తున్నారంటే ఆ నడకలో నీ ఏడాదిన్నర ఉంది. దాన్ని నువ్వే ఖాళీ అంటే ఇంటర్వ్యూలో కూర్చున్నవాళ్లు ఇంకేమంటారు?

ఇది నీ ఒక్కదాని కథ కాదు. 2024లో దేశమంతా చేసిన సమయ వినియోగ సర్వేలో 15 నుంచి 59 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో 41 శాతం మంది ఇంట్లోవాళ్ల సంరక్షణ పని చేస్తున్నారని తేలింది. మగవాళ్లలో ఆ సంఖ్య 21 శాతం చిల్లర. చేసేవాళ్లలో కూడా ఆడవాళ్లు రోజుకు 140 నిమిషాలు దానికే పెడుతుంటే మగవాళ్లు 74 నిమిషాలు పెడుతున్నారు. మీ ఇంట్లో జరిగిందీ ఇదే. నాన్నకి ఒంట్లో బాగాలేనప్పుడు ఇద్దరు పిల్లలకీ ఉద్యోగాలు ఉన్నాయి. మానేసింది నువ్వు. మీ అన్నయ్యను మానెయ్యమని ఎవరైనా అడిగారా అన్నది నువ్వు రాయలేదు. బహుశా ఆ ప్రశ్న మీ ఇంట్లో ఎవరికీ వచ్చి ఉండదు, నీకు కూడా. ఆయన మీద కోపం తెచ్చుకోమని చెప్పడం లేదు. ఆ సంగతికి చివర్లో వస్తాను.

ముందు ఒక విషయం గమనించు. నీ ముందున్న కన్సల్టెన్సీ, బాండ్ కంపెనీ, అమెరికా సంబంధం, మూడూ నీలో ఉన్న ఒకే భయాన్ని పట్టుకుని మాట్లాడుతున్నాయి. “నీకు గ్యాప్ ఉంది కాబట్టి నేను చెప్పినట్టు విను” అన్నదే ఆ మూడింటి మాట. ఆ గ్యాప్ దాచుకోవాల్సిన తప్పు అని నువ్వు అనుకున్నంతకాలం వాళ్ల మాట నెగ్గుతుంది.

కన్సల్టెన్సీ సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే అక్కడ మీ అమ్మ గాజులున్నాయి. కట్టొద్దు. ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. నేను పదిహేనేళ్లు హైదరాబాద్‌లో ఉద్యోగులను తీసుకునే విభాగంలో పని చేశాను. ఫేక్ ఎక్స్‌పీరియన్స్ ఎలా దొరికిపోతుందో బల్లకి ఇవతలి వైపు నుంచి చూశాను. నీకు పాత కంపెనీలో పీఎఫ్ కట్ అయ్యి ఉంటే నీకో యూఏఎన్ నంబర్ ఉంటుంది. ఆ నంబర్ కింద ఏ కంపెనీలో ఏ తేదీన చేరావు, ఏ తేదీన మానేశావు అన్నది పీఎఫ్ ఆఫీసు రికార్డులో ఉంటుంది. నువ్వు డబ్బు మొత్తం తీసేసుకున్నా ఆ చరిత్ర చెరిగిపోదు. కాస్త పేరున్న ఏ కంపెనీ అయినా ఆఫర్ ఇచ్చాక బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌కి పంపుతుంది. వాళ్లు ముందు అడిగేది ఈ సర్వీస్ హిస్టరీనే. 2024 జులైలో మానేసినట్టు అక్కడ ఉంటే, 2025 డిసెంబర్ దాకా ఇంకో కంపెనీలో చేశానని నువ్వు చూపించే లెటర్ ఎందుకు పనికొస్తుంది?

కన్సల్టెన్సీ వాళ్లు దీనికి కూడా సమాధానం చెబుతారు. “మాకు సొంత కంపెనీ ఉంది, పీఎఫ్ కూడా వేసి చూపిస్తాం” అంటారు. అలాంటి ఉత్తుత్తి కంపెనీల పేర్లు వెరిఫికేషన్ ఏజెన్సీలు జాబితాలు కట్టి పెట్టుకుంటాయి. ఈ ఏడాది దొరక్కపోతే వచ్చే ఏడాది దొరుకుతుంది. నేను పని చేసిన చోట ఒకసారి, చేరిన ఎనిమిది నెలలకి వెరిఫికేషన్ రిపోర్టు వచ్చి, ఒక శుక్రవారం మధ్యాహ్నం ల్యాప్‌టాప్ తీసేసుకుని ఒక అమ్మాయిని పంపించేయాల్సి వచ్చింది. ఆ కాగితం మీద సంతకం పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. పని బాగా చేసే పిల్ల. ఆమె నా గదిలో ఏడుస్తూ అన్నది ఒక్కటే, “నాన్న పొలం మీద అప్పు తెచ్చి కట్టాడు మేడమ్.” డబ్బు తీసుకున్నవాళ్లు ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. తప్పుడు లెటర్ ఇచ్చింది వాళ్లే అయినా, దాని మీద సంతకం పెట్టి సమర్పించింది ఆమె కాబట్టి శిక్ష ఆమెకే పడింది. తర్వాత ఆమె నిజంగా చేసిన ఎనిమిది నెలల అనుభవానికి కూడా లెటర్ రాలేదు.

ఇంకోటి, నీ ఉద్యోగంలో నిజమైన రెండేళ్ల ఏడు నెలలున్నాయి. అబద్ధపు ఏడాదిన్నర దాని పక్కన చేరితే ఆ నిజం కూడా అనుమానంలో పడుతుంది.

మరి గ్యాప్ గురించి ఏం చెప్పాలి? ఉన్నది చెప్పు. రెజ్యూమేలో ఉద్యోగం వివరాలకి పైన ఒక లైను రాయి: “2024 జులై నుంచి 2025 డిసెంబర్: పక్షవాతానికి గురైన నాన్నగారి పూర్తికాల సంరక్షణ. ఇప్పుడు ఆయన కోలుకున్నారు, వెంటనే చేరగలను.” రెజ్యూమే ఇంగ్లిష్‌లో రాస్తావు కాబట్టి ఇంగ్లిష్‌లోనే రాయి, కానీ ఇంతే రాయి. లింక్డిన్‌లో 2022 నుంచి కెరీర్ బ్రేక్ అని పెట్టుకునే చోటు ఉంది, కారణాల్లో కుటుంబ సంరక్షణ కూడా ఉంది. ఇంటర్వ్యూలో అడిగితే రెండు వాక్యాల్లో చెప్పి పనిలోకి వెళ్లిపో. “నాన్నకి స్ట్రోక్ వచ్చింది, ఇంట్లో నేను చూసుకున్నాను. ఆయన ఇప్పుడు నడుస్తున్నారు, చివరి నాలుగు నెలలు నేను ఆటోమేషన్ నేర్చుకున్నాను, చేసిన ప్రాజెక్టు చూపిస్తాను.” అక్కడితో ఆపు. క్షమాపణ అడిగే గొంతు వద్దు. నా ఎనిమిది నెలల తర్వాత నేను ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు తల దించుకుని “పర్సనల్ రీజన్స్” అన్నాను. ఎదుటి మనిషి మొహంలో అనుమానం కనబడింది. ఉన్నది చెప్పి ఉంటే ఆ అనుమానానికి చోటే లేదు.

ఆ వాక్యంలో “నాలుగు నెలలు నేర్చుకున్నాను” అన్నది నిజం కావాలి. ఇక్కడ నీకు కొంచెం కష్టంగా ఉండే మాట చెప్పాలి. నిన్ను పిలవకపోవడానికి గ్యాప్ ఒక్కటే కారణం అని నేను అనుకోవడం లేదు. నువ్వు చేసింది మాన్యువల్ టెస్టింగ్. 2023 నుంచి ఐటీలో కొత్తవాళ్లని, తక్కువ అనుభవం ఉన్నవాళ్లని తీసుకోవడం బాగా తగ్గింది. తీసుకునేవాళ్లు కూడా చేత్తో క్లిక్ చేసి చూసే టెస్టర్ కన్నా కోడ్ రాసి టెస్ట్ చేయించే టెస్టర్‌ని అడుగుతున్నారు. ఆటోమేషన్ అంటే అదే. గ్యాప్ లేని నీ పాత కొలీగ్స్‌ని ఒకసారి అడిగి చూడు, మాన్యువల్ మాత్రమే తెలిసినవాళ్లకి కాల్స్ ఎలా వస్తున్నాయో. గ్యాప్‌ని నువ్వు చెరిపేయలేవు. ఇది మాత్రం నాలుగు నెలల్లో సరిచేసుకోవచ్చు.

నేర్చుకోవాల్సినవి: జావా గానీ పైథాన్ గానీ ఒకటి, దాంతో టెస్టులు నడిపే సెలీనియం లేదా ప్లేరైట్, సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఏపీఐల టెస్టింగ్‌కి పోస్ట్‌మ్యాన్, డేటాబేస్ కోసం ఎస్‌క్యూఎల్, కోడ్ పెట్టుకోవడానికి గిట్. వీటన్నిటికీ ఉచిత పాఠాలు తెలుగులోనే యూట్యూబ్‌లో ఉన్నాయి. ఎవరైనా పక్కన ఉండి చెబితేనే వస్తుందనుకుంటే అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల మామూలు కోర్సులు వేలల్లోనే దొరుకుతాయి. ఆన్‌లైన్ బ్యాచ్‌లూ ఉన్నాయి, ఇంట్లోనే ఉండి వినొచ్చు. వేలల్లో అయ్యే చదువుకి లక్షలు అడిగినవాళ్లు ఆ మిగతా డబ్బు దేనికి తీసుకుంటున్నారో ఆలోచించు. ఏదైనా ఒక టికెట్ బుకింగ్ డెమో సైట్ తీసుకుని, లాగిన్ నుంచి డబ్బు కట్టేదాకా నలభై యాభై టెస్టులు రాసి గిట్‌హబ్‌లో పెట్టు. ఇంటర్వ్యూలో దాన్ని తెరిచి చూపించే అమ్మాయిని గ్యాప్ గురించి పది నిమిషాలు ఎవరూ అడగరు.

నీ ఈఈఈని కూడా మర్చిపోకు. నీ బ్రాంచి వాళ్లు చాలామంది సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చాక కరెంటు చదువుని అటక మీద పడేస్తారు. స్మార్ట్ మీటర్లు, ఈవీ చార్జర్లు, సోలార్ ఇన్వర్టర్లు, వీటన్నిటిలో ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉంది. దాన్ని టెస్ట్ చేసే మనిషికి టెస్టింగ్ తెలియాలి, వోల్టేజి అంటే ఏంటో కూడా తెలియాలి. ఆ రెండూ ఉన్నవాళ్లు తక్కువ. అలాంటి కంపెనీలకి విడిగా ఒక రెజ్యూమే తయారు చేసుకో, అందులో నీ ఫైనలియర్ ప్రాజెక్టు పైకి తీసుకురా.

ఈఈఈ అన్నావు కాబట్టి ఒక తెలుగావిడ గురించి చెప్పాలనిపిస్తోంది. అయ్యలసోమయాజుల లలిత గారు, 1919లో మద్రాసులో పుట్టారు. 15 ఏళ్లకి పెళ్లి. 18 ఏళ్లకి భర్త పోయారు, చేతిలో నాలుగు నెలల ఆడపిల్ల. ఆ రోజుల్లో అలాంటి పిల్లకి బయటి ప్రపంచం ముగిసినట్టే. ఆవిడ తండ్రి పప్పు సుబ్బారావు గారు మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ప్రొఫెసర్. ఆయన పట్టుబట్టి కూతురిని అదే కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చేర్పించారు. 1940ల మొదట్లో డిగ్రీ చేతికొచ్చేసరికి సర్టిఫికెట్ మీద మగవాళ్లకి వాడే మాటే అచ్చయి ఉంటే, దాన్ని కొట్టేసి ఆడవాళ్లకి వాడే మాట చేత్తో రాశారు. తర్వాత కలకత్తాలో ఒక ఎలక్ట్రికల్ కంపెనీలో చేరి, భాక్రా నంగల్ ఆనకట్ట నుంచి కరెంటు తీసుకెళ్లే లైన్ల మీద పని చేశారు. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా ఇంజినీర్ల మొదటి అంతర్జాతీయ సదస్సుకి వెళ్లారు. ఆవిడ ధైర్యం గురించి అందరూ చెబుతారు. నాకు మాత్రం ఆ తండ్రి గుర్తుంటారు. ఇంట్లో ఒక మనిషి గట్టిగా ఆమె పక్కన నిలబడ్డారు. నీకు ఆ ఒక్క మనిషి ఎవరవుతారో వెతుక్కో. మీ నాన్నగారే అవ్వొచ్చు. ఆయన్ని ఈ విషయం అడిగినట్టు నీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

ఇక 22 వేల కంపెనీ. జీతం తక్కువని కొట్టిపారేయను. హైదరాబాద్‌లో హాస్టల్‌కి ఏడెనిమిది వేలు పోయినా నడవడానికి సరిపోతుంది, మళ్లీ పనిలో పడ్డావన్న పేరూ వస్తుంది. కానీ ఒరిజినల్స్ ఇవ్వకు. వెరిఫికేషన్ కోసం చూపించు, పక్కనే ఉండి జిరాక్స్ తీయించి ఇవ్వు, ఒరిజినల్స్ నీ ఫైల్లో పెట్టుకుని ఇంటికి రా. సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకునే కంపెనీకి జీతం ఆపినా, షిఫ్ట్ పెంచినా, ఎవడైనా నీతో తప్పుగా ప్రవర్తించినా నువ్వు ఎక్కడికీ పోలేవని తెలుసు. “ఇది మా పాలసీ” అని ఒకే మాట మీద ఉంటే, నువ్వు కాదనగానే ఇంకొకళ్లని చూసుకుంటామంటే, ఆ ఉద్యోగం వదిలెయ్.

బాండ్ విషయంలో రెండు రకాల తప్పుడు మాటలు వినబడతాయి. “బాండ్ దాటితే జైలు” అని భయపెట్టేవాళ్లు ఒకవైపు, “బాండ్లు కోర్టులో చెల్లవు, సంతకం పెట్టెయ్” అనే ఫ్రెండ్స్ ఇంకోవైపు. రెండూ నమ్మకు. ఉద్యోగం మానేస్తే జైలు ఉండదు, అది డబ్బుకి సంబంధించిన సివిల్ గొడవ. అలాగని అసలు చెల్లదనీ కాదు. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ బ్యాంకు ఉద్యోగి కేసులో, మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని చెప్పింది. అయితే 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం ఒప్పందంలో ఎంత రాసుకున్నా కోర్టు ఇప్పించేది సమంజసమైన నష్టపరిహారమే. మానేశాక ఇంకో కంపెనీలో చేరకూడదన్న షరతు అదే చట్టం 27వ సెక్షన్ ముందు నిలబడదు. కాబట్టి బాండ్ కాపీ ముందే ఇంటికి తెచ్చుకో. ఎంత మొత్తం రాశారు, నెలలు గడిచేకొద్దీ అది తగ్గుతుందా, వాళ్లే తీసేస్తే కూడా నువ్వు కట్టాలా, ఖాళీ చెక్కు అడుగుతున్నారా, ఇవి చదువు. ఖాళీ చెక్కు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకు.

నైట్ షిఫ్ట్ గురించి మీ అమ్మానాన్నలకి భయం ఉంటే అది ఉత్త భయం అనను. 2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర జరిగిన ఘోరం తర్వాత ఎన్నో ఇళ్లల్లో ఆడపిల్లలు రాత్రి ఉద్యోగం అనే మాట ఎత్తలేకపోయారు. నువ్వు కంపెనీని అడగాల్సింది సూటిగా అడుగు. క్యాబ్ ఇస్తారా, హాస్టల్ గుమ్మం దాకా వస్తుందా, ఆఖరున దిగేది ఆడపిల్ల అయితే గార్డు ఉంటాడా? రాత్రి పూట ఆడవాళ్లతో పని చేయించాలంటే వాళ్ల ఒప్పుకోలు, భద్రత ఏర్పాట్లు ఉండాలని 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లు కూడా చెబుతున్నాయి. అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వడం కూడా వాటిలో తప్పనిసరి. క్యాబ్ లేదు, మీరే చూసుకోండి అనే కంపెనీ నైట్ షిఫ్ట్‌కి నేనైతే మా అమ్మాయిని పంపను.

ఎక్కడ చేరినా మొదటి వారంలోనే ఇంటర్నల్ కమిటీలో ఎవరెవరున్నారో కనుక్కుని పేర్లు రాసి పెట్టుకో. పది మంది, అంతకన్నా ఎక్కువ పని చేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. అంతకన్నా చిన్న చోటైతే జిల్లా స్థాయిలో లోకల్ కమిటీ ఉంటుంది. ఫిర్యాదు మూడు నెలల్లోపు ఇవ్వాలి. అవసరం పడకపోవచ్చు, పడకూడదనే నా కోరిక. కానీ అవసరం పడ్డ రోజున వెతుక్కునే ఓపిక ఉండదు.

మీ పిన్నిగారు చెప్పిన బ్యాంకు పరీక్షల మీద నాకు చిన్నచూపు లేదు. క్లర్క్‌కి 28, పీఓకి 30 ఏళ్ల దాకా వయసుంది. రిజర్వేషన్ ఉంటే ఇంకా సడలింపు. నీ బ్రాంచికి రైల్వే జేఈ, ఎస్సెస్సీ జేఈ, విద్యుత్ సంస్థల ఏఈ పోస్టులు కూడా ఉన్నాయి, నాకైతే బ్యాంకు కన్నా అవే నీకు దగ్గర అనిపిస్తాయి. కానీ ఒక గడువు పెట్టుకుని రాయి. ఉద్యోగం మాని ప్రిపరేషన్ అని కూర్చుంటే రెండు నోటిఫికేషన్లు మూడు నోటిఫికేషన్లు అంటూ ఏళ్లు గడిచిపోయిన ఆడపిల్లలని చాలామందిని చూశాను. ఇంట్లో వాళ్లకి కూడా “చదువుకుంటోంది” అని చెప్పుకోవడం బయటికి పంపడం కన్నా తేలిగ్గా ఉంటుంది. ముందు ఏదో ఒక పనిలో చేరి పొద్దున గంటన్నర చదువు.

ఇప్పుడు సంబంధం. “ఉద్యోగం సంగతి అక్కడికి వెళ్లాక చూసుకోవచ్చు” అన్నవాళ్లది చెడ్డ మనసు కాకపోవచ్చు. కానీ అది వాళ్ల చేతిలో ఉన్న విషయం కాదు. హెచ్1బి మీద ఉన్న అబ్బాయిని చేసుకుంటే నువ్వు వెళ్లేది హెచ్4 డిపెండెంట్ వీసా మీద. ఆ వీసా మీద ఉద్యోగం చెయ్యకూడదు. దానికి విడిగా పని అనుమతి కావాలి, ఈఏడీ అంటారు. 2015 మే నుంచి హెచ్4 వాళ్లకి అది ఇస్తున్నారు గానీ అందరికీ కాదు. ముఖ్యంగా భర్త గ్రీన్‌కార్డ్ దారిలో ఐ-140 అనే దరఖాస్తు ఆమోదం పొంది ఉండాలి, లేదా హెచ్1బి ఆరేళ్లు దాటి పొడిగింపు మీద నడుస్తుండాలి. అవి లేకపోతే నీ బీటెక్, నీ అనుభవం, నీ ఆటోమేషన్, ఏవీ అక్కడ జీతంగా మారవు. ఏడాదిన్నర గ్యాప్‌కే నిద్ర పట్టడం లేదన్నావు. అది నాలుగైదేళ్లయితే? డాలస్‌లో అన్నీ ఉన్న ఇంట్లో కూర్చుని, సొంతంగా ఒక కాఫీ కొనుక్కోవాలన్నా భర్త కార్డు వాడాల్సి వచ్చే ఇంజినీర్ అమ్మాయిలు నాకు ఫోన్ చేసి ఏడ్చిన రోజులున్నాయి.

మన ఇళ్లల్లో పెళ్లికొడుకు ప్యాకేజీ అడుగుతారు, సొంత ఇల్లుందా అడుగుతారు, కట్నం మాట్లాడుతారు. ఐ-140 అయిందా అని అడిగిన పెళ్లిచూపులు నేను ఒక్కటీ చూడలేదు. చదువుకున్న అమ్మాయికి అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న లేదు. పాకిస్తాన్‌లో ఎంబీబీఎస్ చేసిన అమ్మాయిలు పెళ్లయ్యాక ప్రాక్టీసు మానేయడం పెద్ద సమస్య అయి, “డాక్టర్ పెళ్లికూతుళ్లు” అని అక్కడి పత్రికలే రాశాయి. మంచి సంబంధం కోసం డిగ్రీ చాలు, దాంతో పని చెయ్యక్కర్లేదు అన్న లెక్క సరిహద్దుకి అటూ ఇటూ ఒకటే.

సంబంధం కాదనమని నేను చెప్పను. అబ్బాయి నీకు నచ్చొచ్చు. కానీ ఆ ఆదివారం ఇద్దరినీ మాట్లాడుకోమని పంపినప్పుడు ఈ మూడు అడుగు. “మీ ఐ-140 అప్రూవ్ అయిందా? కాకపోతే నేను అక్కడికి వచ్చి పని చేసుకునే దారి ఏంటి, ఇక్కడ ఉద్యోగం చేసుకుంటూ కొంతకాలం ఆగి రావడం మీకు సమ్మతమేనా? నా జీతంలోంచి మా అమ్మానాన్నలకి పంపితే మీకు అభ్యంతరం ఉంటుందా?” మూడోది అడగడానికి సిగ్గుపడకు. మీ నాన్నగారి మందుల ఖర్చు పెళ్లితో ఆగిపోదు. అబ్బాయి తెలియదంటే కనుక్కుని చెప్పమను, అందులో తప్పు లేదు. ఈ ప్రశ్నలకే చిరాకు పడితే, నువ్వు వెళ్లబోయే ఇల్లు ఎలాంటిదో ముందే తెలిసినట్టు. మీ అమ్మగారికి ఈ ప్రశ్నల గురించి ఆ ముందు రోజే చెప్పు. అందరి ముందూ ఆవిడ ఉలిక్కిపడకుండా ఉంటుంది.

నిద్ర పట్టకపోవడం గురించి. ఏడాదిన్నర రోగి పక్కన ఉన్నవాళ్లకి శరీరం కూడా అలిసిపోతుంది. నాన్నగారి చెకప్‌కి వెళ్లినప్పుడు నీ రక్తం కూడా ఒకసారి చూపించుకో, హిమోగ్లోబిన్, థైరాయిడ్. రెండు మూడు వారాలు ఇలాగే నిద్ర లేకపోతే ఆ మాట డాక్టర్‌తో చెప్పు. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయ నంబర్ టెలిమానస్, 14416కి చేస్తే తెలుగులో మాట్లాడేవాళ్లు ఉంటారు, డబ్బు అక్కర్లేదు.

ఇక మీ అన్నయ్య. నువ్వు హైదరాబాద్‌లో ఇంటర్వ్యూలకి తిరగాలంటే, రోజుకి నాలుగు గంటలు చదువుకోవాలంటే, నీ చేతిలో ఉన్న పనిలో కొంత ఇంకొకళ్లు తీసుకోవాలి. అమ్మ ఒక్కతే తీసుకోలేదు, అందుకే కదా నువ్వొచ్చింది. ఆయనతో దెబ్బలాడొద్దు, లెక్క చెప్పు. ఫిజియోథెరపిస్టు ఇంటికి రావడానికి నెలకి ఎంత, సాయంత్రం ఒక మనిషిని పెట్టుకుంటే ఎంత, నెలలో ఏ రెండు శని ఆదివారాలు ఆయన రావాలి, ఇవి కాగితం మీద రాసి పెట్టుకుని ఫోన్ చెయ్యి. “నువ్వు చూడలేదు” అని మొదలుపెట్టకు. “నేను నాలుగైదు నెలల్లో మళ్లీ ఉద్యోగంలో ఉండాలి, దానికి నువ్వు ఇవి చెయ్యాలి” అని మొదలుపెట్టు. బహుశా ఆయనకి ఇన్నాళ్లూ ఎవరూ పని చెప్పలేదేమో. చెప్పి చూడు. ఆ ఫోన్ ఈ వారంలోనే చెయ్యి, పెళ్లివాళ్లు రాకముందే. తర్వాత ఏమైందో నాకు రాయి, రెజ్యూమే కూడా పంపు, నేను చూసి పెడతాను.